పంట మీద డబ్బు, పట్టా మీద డబ్బు

మా ఇంటి చరిత్ర రాస్తూ ఇంతవరకు వలస గురించి, ఇంటిపేరు గురించి, బొగ్గు గనుల కొలువు గురించి చెప్పుకున్నాం. పొలం జోలికి పోలేదు. బాబుపేట్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో చాలామందికి ఎక్కడో ఒకచోట రెండో నాలుగో ఎకరాలు ఉన్నాయి. కొందరివి రాజురా తాలూకాలో, కొందరివి సరిహద్దు దాటి సిర్పూర్, కాగజ్‌నగర్ వైపు. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకే తాత భూమి; ఇప్పుడు ఒక చెక్క మహారాష్ట్రలో, ఒక చెక్క తెలంగాణలో. రెండూ నల్లరేగడే. మధ్య దూరం ఒక పూట ప్రయాణం. వాన కూడా ఇంచుమించు ఒకటే. అయినా యాభై ఏళ్ళ లెక్క తీస్తే ఆ రెండు చెక్కల్లో వేసిన పంటలూ, చేతికొచ్చిన డబ్బూ ఒకటి కావు. వానకంటే, విత్తనంకంటే, సర్కారు తన రాయితీని దేనికి ముడిపెట్టిందో దాన్ని బట్టే ఈ తేడా వచ్చిందని మాకు అనిపిస్తుంది.

రాయితీ అనే మాట గురించి చిన్న ముచ్చట. మేము చదువుకున్నది కన్నడ మీడియంలో. అక్కడి పుస్తకాల్లో దీన్ని ‘సహాయధన’ అనేవారు. చంద్రపూర్‌లో మరాఠీవాళ్ళు ‘అనుదాన్’ అంటారు. మన ‘రాయితీ’ ఉర్దూ ‘రియాయత్’ నుంచి వచ్చింది, దయతో కొంచెం సడలించడం అని దాని భావం. మూడు మాటల్లోనూ ఇచ్చేవాడే కనిపిస్తాడు. ఎవరి చేతిలో పడిందో ఏ మాటా చెప్పదు.

ముందు సరిహద్దు సంగతి. ఇంగ్లీషువాళ్ళ కాలంలో చాందా జిల్లా వాళ్ళ పాలనలో ఉండేది, వార్ధా నది దాటితే నిజాం ఇలాకా. రాజురా అప్పుడు హైదరాబాద్ సంస్థానంలో ఆదిలాబాద్ జిల్లా తాలూకా. సిర్పూర్ కూడా ఆ జిల్లాదే. అంటే తాతగారి నాటికి మా రెండు చెక్కలూ ఒకే జిల్లాలో ఉండేవి. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రాజురా బొంబాయి రాష్ట్రానికి పోయింది. ముందు నాందేడ్ జిల్లాలో చేరి, 1959లో చాందాలో కలిసింది. సిర్పూర్ ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. అప్పట్లో ఇంట్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చుట్టాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు, బండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ గీత విలువ 1972లో తెలిసింది.

మహారాష్ట్ర 1971లో ఒక చట్టం చేసి, 1972–73 సీజన్ నుంచి పత్తి కొనుగోలు మొత్తం తన చేతిలోకి తీసుకుంది. ‘కాపూస్ ఏకాధికార్ ఖరేదీ యోజనా’ దాని పేరు. రైతు దగ్గర పత్తి కొనే హక్కు సర్కారుకు తప్ప ఇంకెవరికీ లేదు. వ్యాపారి కొంటే నేరం, రైతు అమ్మినా నేరమే. పత్తి బండిని సంకలన్ కేంద్రానికి తోలుకుపోవాలి. అక్కడ గ్రేడరు చూసి గ్రేడు వేస్తాడు, తూకం వేస్తారు, చీటీ ఇస్తారు. ముందుగా చెప్పిన హమీ ధర వస్తుంది. దూది, గింజ అమ్ముడుపోయాక లాభం మిగిలితే బోనసు. వినడానికి బాగానే ఉంది కదా. నిజంగానే మొదట్లో దళారుల చేతిలో నలిగిన రైతుకు అది పెద్ద ఊరట. ధర ఎంతో విత్తే ముందే తెలియడం మెట్ట రైతుకు చిన్న సంగతి కాదు.

చిక్కు చుకారా దగ్గర వచ్చింది. చుకారా అంటే పత్తి డబ్బు చెల్లింపు. మరాఠీ మాటే అయినా రాజురా వైపు తెలుగువాళ్ళందరి నోటా అదే. అది ఆలస్యంగా వచ్చేది. వచ్చినదాంట్లోంచి సొసైటీ పంట అప్పు కోసుకునేది. అటు ఆంధ్ర వైపు వ్యాపారి ధర ఒక్కోసారి తక్కువ, ఒక్కోసారి ఎక్కువ, కానీ డబ్బు చేతిలో పెట్టేవాడు, అప్పు మాట ఎత్తేవాడు కాదు. కాబట్టి అటు ధర ఎక్కువగా ఉన్న ఏడు మహారాష్ట్ర పత్తి రాత్రిపూట సరిహద్దు దాటేది. ఇటు హమీ ధర ఎక్కువగా ఉన్న ఏడు అటు పత్తి ఇటు వచ్చి సంకలన్ కేంద్రంలో తూకానికి నిలబడేది. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. మధ్యప్రదేశ్, గుజరాత్ సరిహద్దుల్లోనూ ఇదే జరిగింది. మా పెద్దవాళ్ళు దీన్ని దొంగతనంలా చెప్పేవారు కాదు. ‘అప్పటిదాకా పత్తి పోయిన తోవనే పోయింది, నాకా కొత్తగా వచ్చింది’ అనేవారు.

శరద్ జోషీ 1979లో మొదలుపెట్టిన శేత్కరీ సంఘటనా ఈ కట్టడి మీదే పోరాడింది. రైతుకు సర్కారు ఇచ్చేదానికన్నా ధర తొక్కిపెట్టి తీసుకునేదే ఎక్కువ, కాబట్టి రాయితీ వద్దు, అమ్ముకునే స్వేచ్ఛ ఇవ్వండి అని ఆయన వాదన. రాజురా నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన వామన్‌రావ్ చటప్ ఆ సంఘటనా మనిషే. మా ఇంట్లో ఆ మాటను నమ్మినవాళ్ళూ ఉన్నారు, హమీ ధర పోతే గతేమిటని భయపడినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి భయమూ నిజమే అయిందని తరవాతి కథ చూస్తే తెలుస్తుంది.

ఈలోగా జొన్న పోయింది. దీన్ని పత్తి ఒక్కదాని మీద వేయలేం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. అది తినేవాడికి ఇచ్చిన రాయితీ, పండించేవాడికి కాదు. కానీ సిర్పూర్ వైపు జొన్న రొట్టె, గట్క తినే ఇళ్ళలోకి బియ్యం వచ్చాక, ఇంటికోసం జొన్న వేయాల్సిన పని తగ్గింది. ఆ ఎకరం పత్తికి పోయింది. జొన్నతో పాటు చొప్ప పోయింది, చొప్ప లేక ఎడ్లు తగ్గాయి, ఎడ్లు తగ్గి పెంట తగ్గింది, పెంట తగ్గి ఎరువు బస్తా తప్పనిసరి అయింది. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఒకచోట ఒక వరుస మారిస్తే ఇంకెక్కడో సంబంధం లేదనుకున్న చోట పగులుతుంది, దాన్ని వెతకడమే మా కొలువు. రేషన్ బియ్యానికీ ఎరువు బస్తాకీ సంబంధం ఉందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే మేమూ నమ్మేవాళ్ళం కాదు.

ఎరువుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాం. 1992 ఆగస్టులో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద కట్టడి తీసేసింది. యూరియాను మాత్రం చవగ్గా ఉంచింది. దేశం మొత్తం మీద 1991–92లో నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 5.9 : 2.4 : 1 నిష్పత్తిలో ఉంటే, మరుసటి ఏడాదికే 9.5 : 3.2 : 1 అయింది. రైతుకు ఏది చవకో అదే పొలంలో పడింది. 2010లో పోషకాల లెక్కన రాయితీ విధానం తెచ్చినప్పుడు కూడా యూరియాను పక్కనే పెట్టారు, అదే కథ మళ్ళీ నడిచింది. పత్తికి యూరియా ఎక్కువైతే ఆకు పచ్చగా ఏపుగా వస్తుంది, దాంతో రసం పీల్చే పురుగూ వస్తుంది, దానికి మందు డబ్బా. బస్తా మీద మిగిలిన డబ్బు మందుకు పోయింది.

2002 దగ్గర కాస్త ఆగాలి. 2001–02లో ప్రపంచ మార్కెట్‌లో దూది ధర దాదాపు ముప్పై ఏళ్ళలో లేనంత కిందికి పడింది. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే భారీ రాయితీ దీనికి ఒక కారణమని బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ అనే నాలుగు ఆఫ్రికా దేశాలు అక్కడే మొర పెట్టుకున్నాయి. బయట ధర పడిపోయి, ఇక్కడ హమీ ధర పైన నిలబడితే నష్టం అంతా మహారాష్ట్ర ఖజానా మీద పడింది. అది మోయలేక 2002లో ఏకాధికారాన్ని వదిలేశారు, ప్రైవేటు వ్యాపారులను రానిచ్చారు. అదే ఏడాది మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. కొనేవాడు మారడం, విత్తనం మారడం రెండూ ఒకే ఏడాది జరిగాయి. ఆ తరవాత పత్తి పెరిగిందంటే ఏది కారణమో విడదీసి చెప్పడం కష్టం. చెప్పేవాళ్ళను మేము కాస్త అనుమానంగా చూస్తాం.

తరవాతి మూడేళ్ళలో మా రెండు చెక్కల దారులు బాగా విడిపోయాయి. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు మీద పెట్టారు. అదే ఏడాది మహారాష్ట్రలో సుశీల్‌కుమార్ షిండే ప్రభుత్వం కూడా ఎన్నికల ముందు ఉచిత కరెంటు ప్రకటించింది. ఎన్నికలయ్యాక, 2005లో, విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఏడే పత్తి మీద క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల అగ్రిమ్ బోనసు కూడా తీసేసింది. అంటే ఇటు ధర మీది రాయితీ, కరెంటు మీది రాయితీ ఒకేసారి పోయాయి. అటు కరెంటు వచ్చి నిలబడింది. చంద్రపూర్ థర్మల్ పవర్ స్టేషన్ పొగ గొట్టాలు చూస్తూ పెరిగినవాళ్ళం. కరెంటు పుట్టే జిల్లాలో మోటరు బిల్లు కట్టి, రాత్రిపూట వంతు కరెంటు కోసం మేలుకునే రైతులను చూస్తే ఏమనాలో తెలిసేది కాదు.

పంట మీద దీని ప్రభావం ఏమిటంటే, అటు బోరు ఉన్నవాడు వరికి మళ్ళాడు, ముఖ్యంగా యాసంగిలో. ఒక పంట పోయే చోట రెండు పంటలు. బోరు లేనివాడు పత్తిలోనే ఉన్నాడు. ఉచిత కరెంటు అందరికీ అన్నారు గానీ అది మోటరుకు ముడిపడింది. మోటరు లేనివాడికి ఉచితం అనే మాట తప్ప ఏమీ దక్కలేదు. ఇటు రాజురా వైపు మెట్టలో పత్తి, పత్తికి పక్కన సోయాబీన్. సోయాకు పెట్టుబడి తక్కువ, డబ్బు త్వరగా చేతికొస్తుంది, దసరా దీపావళి నాటికి ఇల్లు గడుస్తుంది. ఏకాధికారం పోయాక పత్తి డబ్బు మీద భరోసా తగ్గినవాళ్ళకు ఇది పనికొచ్చింది.

2006 జులైలో ప్రధాని మన్మోహన్ సింగ్ విదర్భకు వచ్చారు. ఆత్మహత్యలు ఎక్కువగా జరుగుతున్న ఆరు జిల్లాలకు 3,750 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు: అమరావతి, అకోలా, బుల్ఢాణా, వాశిమ్, యవత్మాళ్, వార్ధా. చంద్రపూర్ అందులో లేదు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన పదహారు జిల్లాల్లో ఆదిలాబాద్ ఉంది. రాజురా ఇంకా ఆదిలాబాద్‌లోనే ఉండి ఉంటే అని మా ఇంట్లో ఒక పెద్దాయన లెక్క వేసేవారు. 1956ను ఆయన అప్పుడు మొదటిసారి తిట్టారు.

ఇక 2018. తెలంగాణలో మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000, తరవాత 5,000. ఏడాదికి రెండుసార్లు. పంట ఏదన్నది లెక్క లేదు, ఎంత పండిందన్నది లెక్క లేదు. పట్టాదారు పాసుబుక్కులో పేరు ఉంటే చాలు. ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెప్పేది ఇదే: ధరలో, బస్తాలో జోక్యం చేసుకోకుండా డబ్బు నేరుగా ఇచ్చేయండి, ఏం వేసుకోవాలో రైతే చూసుకుంటాడు. మాట సబబే. మహారాష్ట్ర వైపు అదే దారిలో వచ్చినవి కేంద్రం పీఎం కిసాన్ 6,000, 2023 నుంచి రాష్ట్రం నమో శేత్కరీ 6,000. అయితే ఇవి కుటుంబానికి, అది ఎకరానికి.

మా వాళ్ళకు అర్థమయ్యేలా 2023 లెక్క చెబుతాం. అయిదెకరాల పట్టాదారు రాజురాలో ఉంటే ఏడాదికి 12,000. అదే అయిదెకరాలు సిర్పూర్‌లో ఉంటే రైతుబంధు 50,000, పీఎం కిసాన్ 6,000, మొత్తం 56,000. ఎకరం మాత్రమే ఉన్నవాడికి అటు 16,000, ఇటు 12,000, తేడా కొద్దిగానే. భూమి పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. రైతుబంధుకు పై హద్దు లేదు కాబట్టి యాభై ఎకరాలవాడికి అయిదు లక్షలు. భూమే లేని కౌలుదారుకు రెండు వైపులా సున్నా.

బాబుపేట్ ఇళ్ళకు అసలు సంగతి ఇక్కడ ఉంది. మనం ఊళ్ళో లేం. పట్టా మన పేరు మీద ఉంది. దున్నేది ఇంకొకరు. హమీ ధర కాలంలో పత్తిని ఎవరి పేరు మీద అమ్మినా, క్వింటాలు మీద వచ్చే డబ్బు పత్తి పండించినవాడిదే అని అందరికీ తెలుసు. ఎరువు రాయితీ బస్తా కొన్నవాడికి పోయేది. ఉచిత కరెంటు మోటరు వేసినవాడికి. 2018 తరవాత డబ్బు బాబుపేట్ బ్యాంకు ఖాతాలో పడుతుంది, పొలంలో ఉన్నవాడికి పడదు. పైగా తెలంగాణ భూ రికార్డులను కొత్తగా రాసినప్పుడు అనుభవదారు గడి తీసేశారు; దున్నేవాడి పేరు రాయడానికి కాగితం మీద చోటే లేకుండా పోయింది. కౌలుదారు పేరు ఎక్కితే భూమి పోతుందేమోనన్న భయం మన ఇళ్ళలో ఎన్నాళ్ళ నుంచో ఉన్నదే. అది ఊరికే పుట్టిన భయమూ కాదు, 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులు ఇచ్చింది. ఆ భయం ఉన్నవాళ్ళకు గడి తీసేయడం హాయిగానే అనిపించింది.

మహారాష్ట్రలో భూమి కాగితాన్ని సాత్‌బారా అంటారు, 7/12. ఇందులో 7వ నమూనా భూమి ఎవరిదో చెబుతుంది, 12వది ఏ పంట వేశారో చెబుతుంది. 2021 నుంచి రైతే ఫోన్‌లో పంట ఫొటో తీసి ఈ-పీక్ పాహణీ యాప్‌లో ఎక్కించే ఏర్పాటు వచ్చింది. 2023 ఖరీఫ్‌లో పత్తి, సోయా ధర పడిపోయినందుకు హెక్టారుకు 5,000 చొప్పున, రెండు హెక్టార్ల వరకు సాయం ఇచ్చినప్పుడు ఆ పంట నమోదునే చూశారు. ఇది పంట మీద ఇచ్చిన డబ్బు, అయినా క్వింటాలు మీద కాదు. ఎంత పండిందన్నది అడగరు, వేశారా లేదా అన్నది అడుగుతారు. ఈ పద్ధతి మాకు నచ్చింది. ఇందులోనూ డబ్బు ఖాతాదారుకే పోతుంది, కానీ కనీసం పొలంలో ఏముందో ఎవరో ఒకరు చూశారు.

క్వింటాలుకూ హెక్టారుకూ తేడా ఏమిటో వరిలో ఇంకా బాగా తెలుస్తుంది. మన జిల్లా తూర్పు తాలూకాలు, మూల్, సావలీ, సిందేవాహీ, నాగ్‌భీడ్, బ్రహ్మపురి, వరి నేల. (హెచ్ఎంటీ బియ్యం తినే తెలుగువాళ్ళు చాలామందికి తెలియదు, ఆ రకం పుట్టింది నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ అనే పల్లెలోనే. దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు 1983లో తన మడిలో వేరుగా కనిపించిన కంకులను ఏరి పెంచి, అప్పటి చేతి గడియారం పేరు పెట్టారు. 2018లో పోయారు.) ఇక్కడ వడ్ల మీద బోనసు ముందు క్వింటాలుకు ఇచ్చేవారు. బయటి వడ్లు కూడా లోపలికొచ్చి వ్యాపారుల చేతుల్లో బోనసు పుచ్చుకుంటున్నాయని 2022లో దాన్ని హెక్టారుకు 15,000 చేశారు, మరుసటి ఏడు 20,000. హద్దు రెండు హెక్టార్లు. పత్తి బండ్ల కథ తెలిసిన మా ఇంట్లో ఎవరికీ ఇది కొత్తగా అనిపించలేదు. తెలంగాణ 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనసు పెట్టింది. ఇది ఎకరం మీద కాదు, పంట మీద; రైతులు దొడ్డు నుంచి సన్నానికి మళ్ళారు. పంట మార్చాలంటే పంట మీదే డబ్బు పెట్టాలి, ఎకరం మీద పెడితే మారదు. 2020 వానాకాలంలో తెలంగాణ సర్కారుకే ఇది తెలిసొచ్చింది. మక్కలు వేయొద్దు, పత్తి 70 లక్షల ఎకరాల్లో వేయండి అని చెప్పాల్సి వచ్చినప్పుడు, చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు రాదని బెదిరించాల్సి వచ్చింది. ఏ పంటకూ ముడిపెట్టని సాయమని మొదలుపెట్టినదాన్ని రెండేళ్ళకే పంటకు ముడివేశారు. అది నిలవలేదు, ఆ తరవాత మళ్ళీ ఎవరి పంట వాళ్ళదే.

సరిహద్దు రెండు వైపులా కాళ్ళు పెట్టి ఉన్నవాళ్ళూ ఉన్నారు. జీవతీ తాలూకాలో పరందోళి, ముకదమ్‌గూడ, అంతాపూర్, మహారాజ్‌గూడ లాంటి పద్నాలుగు పల్లెలు మహారాష్ట్ర లెక్కలోనూ, తెలంగాణ కెరమెరి మండలం లెక్కలోనూ ఉన్నాయి. ఇద్దరు సర్పంచులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు. బయటివాళ్ళు అదృష్టవంతులు అంటారు. కానీ భూమికి గట్టి పట్టా లేనివాళ్ళు అక్కడ చాలామంది, పట్టా మీద వచ్చే డబ్బు వాళ్ళకు రెండు రాష్ట్రాలున్నా కష్టమే. రేషన్ బియ్యం మనిషికి ముడి, కాబట్టి రెండు వైపుల నుంచీ వస్తుంది; పెట్టుబడి సాయం కాగితానికి ముడి.

మా సిర్పూర్ చెక్క నాలుగెకరాలు. రైతుబంధు వచ్చిన మొదటి ఏడు ఇంట్లో రెండు మాటలు వినిపించాయి. పట్టా మనది, సర్కారు మనకే ఇచ్చింది, కౌలు వేరే లెక్క అని కొందరు. ఇది పెట్టుబడి సాయం అని దాని పేరులోనే ఉంది, పెట్టుబడి పెట్టేది ఎవరని ఇంకొందరు. మా పెద్దమ్మ అడిగిన ప్రశ్న వీటన్నిటికంటే సూటిగా ఉంది: ‘పురుగు పడితే ఎవరు ఏడుస్తారు?’ చుట్టుపక్కల ఆ డబ్బు వస్తోందని కౌలు పెంచినవాళ్ళూ ఉన్నారు, భూమి ధర పెరిగిందని అమ్మకం ఆపుకున్నవాళ్ళూ ఉన్నారు. మొత్తానికి సగం డబ్బు కౌలుదారుకు, కౌలు పెంచకూడదు అని తేలింది. 2025 జనవరిలో రైతుబంధు రైతు భరోసాగా మారి ఎకరానికి ఏడాదికి 12,000 అయ్యాక కూడా అదే మాట. నాలుగెకరాలకు 48,000, అందులో 24,000 డబ్బు పడిన వారంలోనే ఆయన ఖాతాకు పంపుతున్నాం. ఏం వేయాలన్నది ఆయన ఇష్టం. ఈ ఏడు మూడెకరాలు పత్తి, మధ్యలో కంది సాళ్ళు. మిగిలిన ఎకరంలో, ఇరవై ఏళ్ళ తరవాత, ఎడ్లకు చొప్ప కావాలని జొన్న వేశారు.